రొమ్ము క్యాన్సర్: తిరగబెడుతుందన్న భయం

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, కీమో, రేడియేషన్ పూర్తయ్యాక కూడా జబ్బు మళ్లీ వస్తుందేమోనని మనిషిని వెంటాడే దిగులుకు వైద్యశాస్త్రంలో ఇప్పుడు ప్రత్యేక స్థానం ఉంది. 2016లో పలు దేశాల పరిశోధకులు కలిసి ఒప్పుకున్న నిర్వచనం ప్రకారం, క్యాన్సర్ తిరిగి వస్తుందేమో, ముదురుతుందేమో అని కలిగే భయం, చింత, ఆందోళన అన్నీ దీని కిందికే వస్తాయి. మానసిక వ్యాధుల జాబితాలో దీనికి విడిగా పేరు లేదు. కొంత భయం ఉండటం సహజమే, మంచిది కూడా. చెకప్ తేదీ గుర్తుచేసేదీ, మాత్ర మానవద్దని చెప్పేదీ అదే. కానీ రోజంతా అదే ఆలోచన కావడం, ఒంట్లో చిన్న తేడా కనిపించినా తడిమి తడిమి చూసుకోవడం, ఆ స్థితి నెలల తరబడి తగ్గకపోవడం కలిసి వచ్చినప్పుడు దానికి వైద్యం చేయాలి.

ప్రపంచ దేశాల క్యాన్సర్ లెక్కలు వేసే గ్లోబోకాన్ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో 1,92,020 మంది కొత్తగా రొమ్ము క్యాన్సర్ బారిన పడ్డారు, 98,337 మంది చనిపోయారు. భారతీయ స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటిది. 2020లో వెలువడిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో దేశంలోకెల్లా ఎక్కువ రేటు హైదరాబాదు జిల్లాలో నమోదైంది, లక్ష మంది స్త్రీలకు 48. పడమటి దేశాలతో పోలిస్తే మన దగ్గర ఈ జబ్బు దాదాపు పదేళ్లు ముందే, అంటే పిల్లలు ఇంకా చదువుకుంటూ ఉండగానే కనబడుతోంది. ఆపరేషన్ తర్వాత ఇంటికి వచ్చి, పనిలో పడి, మరో ఇరవై ముప్పై ఏళ్లు బతకవలసిన ఆడవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఈ వ్యాసం వాళ్ల గురించి. అందులోనూ గుంటూరు జిల్లా ప్రత్తిపాడు చుట్టుపక్కల, పత్తి మిరప పండే నల్లరేగడి పల్లెల్లో ఈ భయం ఏ రూపం తీసుకుంటుందన్నది ముఖ్యంగా చూడాలి. ఎందుకంటే జబ్బు తిరగబెట్టినప్పుడు కనబడతాయని వైద్యులు చెప్పే గుర్తులు, ఇక్కడ చేను పని చేసే ప్రతి ఆడమనిషికీ ఏటా వచ్చే నొప్పులు, దాదాపు ఒకటే.

భయాన్ని కొలవడం

1981లో కూచర్, ఒమాలీ అనే అమెరికన్ పరిశోధకులు చిన్నప్పుడు క్యాన్సర్ నుంచి బయటపడిన వాళ్ల మీద రాసిన పుస్తకానికి గ్రీకు కథలోని డమాక్లీస్ పేరు పెట్టారు. సింహాసనం మీద కూర్చున్నవాడి నెత్తిన ఒక్క వెంట్రుకకు వేలాడే కత్తి ఆ కథ. 1985లో ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అనే వైద్యుడు, తానే క్యాన్సర్ రోగి అయినవాడు, చికిత్స ముగిశాక వచ్చే దశ వేరే రుతువు లాంటిదనీ, అందులో ముందుండేది జబ్బు తిరిగి వస్తుందన్న భయమేననీ న్యూ ఇంగ్లండ్ వైద్యపత్రికలో రాశాడు. 2003లో రొమ్ము క్యాన్సర్ రోగుల కోసమే ఈ భయాన్ని కొలిచే ఒక ప్రశ్నావళి వచ్చింది. 2009లో కెనడా పరిశోధకులు సిమార్డ్, సవార్డ్ 42 ప్రశ్నలతో తయారుచేసినది నేడు అన్నిటికన్నా ఎక్కువగా వాడుతున్నారు. 2022లో 46 అధ్యయనాల్లోని 11 వేల మందికి పైగా రోగుల సమాధానాలు కలిపి చూస్తే, సగం కంటే ఎక్కువ మందిలో చెప్పుకోదగ్గ భయం, సుమారు ఐదుగురిలో ఒకరిలో తీవ్రమైన భయం కనిపించాయి.

ఆ పరిశోధనల్లో పదే పదే తేలిన సంగతులు కొన్ని ఉన్నాయి. వయసు తక్కువైన కొద్దీ భయం ఎక్కువ. ఒంటి నొప్పులు, నీరసం ఎక్కువగా ఉన్నవాళ్లలో భయం ఎక్కువ. జబ్బు ఏ దశలో ఉందన్న దానికీ భయానికీ సంబంధం అంత గట్టిది కాదు. మొదటి దశలో గడ్డ తీయించుకున్న మనిషి నిద్ర లేకుండా గడపవచ్చు, మూడో దశలో ఆపరేషన్ అయినామె నిబ్బరంగా ఉండవచ్చు. కాలం గడిస్తే అదే పోతుందిలే అనుకుంటాం కానీ, చాలామందిలో ఏళ్లు గడిచినా ఈ భయం పెద్దగా తగ్గదు. భర్తకూ పిల్లలకూ ఉండే భయం కొన్నిసార్లు రోగి భయం కన్నా ఎక్కువగానే తేలింది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తకపోవడానికి కారణం తరచు అదే. ఒకరిని చూసి ఒకరు దాచుకుంటారు.

నిజంగా తిరగబెట్టే అవకాశం

భయం ఊరికే పుట్టింది కాదు. ఆపరేషన్ జరిగిన చోటే మళ్లీ గడ్డ రావచ్చు, చంకలోనో మెడ కింద ఎముక దగ్గరో గ్రంథులు ఉబ్బవచ్చు, ఎముకలకూ ఊపిరితిత్తులకూ కాలేయానికీ మెదడుకూ పాకవచ్చు. ఎప్పుడు, ఎంత అన్నది గడ్డ రకాన్ని బట్టి మారుతుంది. బయాప్సీ కాగితంలో ఈఆర్, పీఆర్, హెర్‌2 అని మూడు వరసలు ఉంటాయి; మొదటి రెండూ గడ్డ హార్మోన్లకు స్పందిస్తుందా అన్నది, మూడోది హెర్‌2 అనే ప్రొటీను ఎక్కువగా ఉందా అన్నది చెబుతాయి. మూడూ నెగెటివ్ అయిన రకం తిరగబెడితే మొదటి మూడేళ్లలోనే ఎక్కువగా తిరగబెడుతుంది, ఐదేళ్లు దాటితే ఆ అవకాశం బాగా పడిపోతుంది. ఈఆర్ పాజిటివ్ అయితే తీరు వేరు. ఐదేళ్లు హార్మోను మాత్రలు వాడి ఆపిన వేలాది మందిని గమనించిన అంతర్జాతీయ విశ్లేషణ 2017లో వచ్చింది. ఐదో ఏడు నుంచి ఇరవయ్యో ఏడు దాకా జబ్బు కొద్దికొద్దిగా తిరగబెడుతూనే ఉంటుందని అందులో తేలింది. గడ్డ చిన్నదై, చంక గ్రంథుల్లో జబ్బు లేనివాళ్లలో కూడా ఆ పదిహేనేళ్లలో వేరే అవయవాలకు పాకినది 13 శాతం మందికి. అంటే ఆ వర్గంలో వందలో 87 మందికి పాకలేదు. రెండు లెక్కలూ ఒకే కాగితం మీద ఉన్నా, రోగి చెవిన పడేది మొదటిదే.

ఐదేళ్లు గడిస్తే గండం గట్టెక్కినట్టే అని మన పల్లెల్లో బలంగా నమ్ముతారు. ఒక రకం గడ్డకు ఆ మాట చాలావరకు నిజం, మరో రకానికి కాదు. తన గడ్డ ఏ రకమో తెలియకుండా ఐదేళ్లు లెక్కపెట్టుకునే మనిషి అయితే అనవసరంగా భయపడుతుంది, లేకపోతే అనవసరంగా ధీమా పడుతుంది. డిశ్చార్జి కాగితం ఇచ్చేటప్పుడు ఈ ఒక్క సంగతి తెలుగులో విడమరిచి చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు.

ఆపరేషన్ ఎంత పెద్దదైతే అంత క్షేమం అన్న నమ్మకమూ గట్టిదే. "మొత్తం తీసేయండి డాక్టరుగారూ, మిగల్చొద్దు" అని ఆడవాళ్లే అడుగుతారు. 1976లో అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వంలో మొదలై 1,851 మందిని ఇరవై ఏళ్లు గమనించిన పరీక్ష, ఇటలీలో ఉంబెర్టో వెరొనేసి చేసిన పరీక్ష, రెండూ 2002లో తుది ఫలితాలు ప్రకటించాయి. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్ము మొత్తం తీసినా బతికే కాలంలో తేడా లేదు. భయం కొద్దీ రెండో రొమ్మునూ తీయించుకోవడం గురించి కూడా ఇదే చెప్పాలి. వారసత్వ లోపం లేని మామూలు రోగికి రెండో వైపు జబ్బు వచ్చే అవకాశం ఏడాదికి అర శాతం లోపే. తీయించుకున్నంత మాత్రాన ఆయుష్షు పెరిగినట్టు రుజువు లేదు. బీఆర్‌సీఏ జన్యులోపం ఉంటే మాత్రం లెక్క మారిపోతుంది. తెలుగు సినిమాల్లో నటించిన హంసానందిని 2021 డిసెంబరులో తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, బీఆర్‌సీఏ1 లోపం ఉన్నట్టు తేలిందని, తన తల్లి కూడా ఈ జబ్బుతోనే పోయారని స్వయంగా ప్రకటించారు. మళ్లీ వచ్చే ముప్పు గురించి కూడా అందులో దాచకుండా చెప్పారు. భయాన్ని లెక్కలతో సహా బహిరంగంగా చెప్పుకోవడం మన సమాజంలో అరుదు, ఆ ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

చేను పనీ, జబ్బు గుర్తులూ

ప్రత్తిపాడు గుంటూరుకు దక్షిణంగా పర్చూరు వెళ్లే దారిలో ఉంది. ఖరీఫ్‌లో పత్తి, మిరప ఈ నేల జీవనాధారం. చేను రైతుదే అయినా తీతలూ కోతలూ ఆడవాళ్ల పని. ఆపరేషన్ తర్వాత ఆరోగ్యం కుదుటపడగానే వాళ్లు తిరిగి వెళ్లేది ఆ పనికే.

పత్తి తీత మొదలైతే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడుముకు ఒడి కట్టుకొని, వంగి, పగిలిన కాయల్లోంచి దూది లాగి ఒడిలో వేసుకుంటూ సాలు వెంట సాలు నడవాలి. ఒడి నిండేకొద్దీ నడుము మీద బరువు పెరుగుతుంది. రాత్రికి వీపు కింద భాగం పట్టేస్తుంది. ఇరవై ఏళ్లుగా వస్తున్న నొప్పే అది. కానీ రొమ్ము క్యాన్సర్ ఎముకల్లోకి పాకినప్పుడు మొదట తెలిసేదీ చాలాసార్లు వెన్ను నొప్పే. ఈ సంగతి ఆసుపత్రిలో చెవిన పడ్డ రోజు నుంచి పాత నొప్పికి కొత్త అర్థం వస్తుంది. పక్క సాలులో ఉన్నామె "నడుం పట్టేసింది వదినా" అని తేలిగ్గా అనేస్తుంది. ఈమె మాత్రం ఆ మాట నోట రానివ్వదు.

మిరపదీ ఇదే కథ. జనవరి నుంచి ఎండాకాలం దాకా కోతలు, కల్లాల్లో ఎండబోత, తాలుకాయల ఏరివేత, తొడిమలు తీసే పని. ఎండుమిరప రాశి ముందు కూర్చున్నవాళ్లు దగ్గకుండా ఉండలేరు. గొంతు మంట, తుమ్ములు, రాత్రి దగ్గు ఆ పనిలో మామూలే. ఊపిరితిత్తులకు జబ్బు పాకినా మొదట వచ్చేది తగ్గని దగ్గూ, ఆయాసమూ.

చేయి వాపు మూడోది. చంకలో గ్రంథులు పూర్తిగా తీసినవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఆ వైపు చేయి వాస్తుంది. నీరు తిరిగి వెళ్లే దారి తెగిపోవడం దీనికి కారణం, ఎక్కువ సందర్భాల్లో జబ్బు తిరగబెట్టడం కాదు. పత్తికాయ మొన గుచ్చుకుని చీము పడితే, మిరపకాయ మంటకు చర్మం చిట్లితే ఆ వాపు పెరుగుతుంది. చేతికి తొడుగు వేసుకోవడం, గీరుకుంటే వెంటనే సబ్బుతో కడగడం, జ్వరంతో చేయి ఎర్రబడితే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించడం చాలు. చేయి అసలు కదపకూడదన్న పాత సలహా తప్పని 2009లో అమెరికాలో జరిగిన పరీక్ష చూపించింది. కొద్దికొద్దిగా పెంచుతూ బరువులు ఎత్తించినా వాపు ముదరలేదు. అయితే ఏళ్ల తర్వాత ఉన్నట్టుండి చేయి వాస్తే చంక పరీక్ష చేయించుకోవాల్సిందే.

మందులు కూడా గందరగోళం పెంచుతాయి. ముట్లుడిగిన వాళ్లకు ఇచ్చే లెట్రోజోల్ రకం మాత్రలతో దాదాపు సగం మందికి కీళ్లు పట్టేస్తాయి, పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు. టామాక్సిఫెన్‌తో ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు. కీళ్ల నొప్పిని ఎముకల జబ్బుగా అనుకుని హడలిపోయేవాళ్లున్నారు, మాత్రే కారణమని తెలిసి మానేసేవాళ్లూ ఉన్నారు. రెండోది మరీ ప్రమాదం. ఈఆర్ పాజిటివ్ గడ్డకు టామాక్సిఫెన్ ఐదేళ్లు వాడితే ఆ ఐదేళ్లలో తిరగబెట్టే ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది, ఆపేసిన తర్వాత కూడా కొన్నేళ్లు ఆ రక్షణ ఉంటుంది. భయంతో పసరు మందులకు పోయి, లేదా జబ్బు పోయిందన్న ధీమాతో, ఇంత మంచి మాత్రను మధ్యలో వదిలేయడం కన్నా పెద్ద నష్టం లేదు. నొప్పి ఉంటే వైద్యుడు మందు మారుస్తాడు.

మరి కూలి నొప్పికీ జబ్బు నొప్పికీ తేడా ఎలా తెలియాలి? పని మానిన రెండు మూడు రోజుల్లో తగ్గితే, రెండు వైపులా ఒకేలా ఉంటే, పడుకుంటే హాయిగా ఉంటే అది సాధారణంగా కండరాల నొప్పి. ఎముక మీద ఒకే చోట ఉండి, పడుకున్నా తగ్గక, నిద్రలోంచి లేపి, రెండు వారాలు దాటినా రోజురోజుకూ పెరుగుతుంటే చూపించాలి. దగ్గుకూ అదే గడువు. కల్లం పని లేకపోయినా రెండు వారాలకు తగ్గని దగ్గు, ఇదివరకు మెట్లెక్కినా రాని ఆయాసం కొత్తగా రావడం, కుట్ల దగ్గర గానీ చంకలో గానీ కొత్త గడ్డ, కారణం లేకుండా బరువు తగ్గడం, కళ్లు పచ్చబడటం, మానని తలనొప్పి చూపించవలసినవే. కాళ్లలో బలం పోయినా, మూత్రం పట్టు తప్పినా రెండు వారాలు ఆగకూడదు, అదే రోజు వెళ్లాలి. కుట్ల వెంట తగిలే ప్రతి ముడీ గడ్డ కాదు. దారం చుట్టూ కట్టిన ముడి, కొవ్వు గట్టిపడిన ముద్ద కూడా అలాగే తగులుతాయి. వాటిని తేల్చేది వైద్యుడి చేయి, స్కానింగు, అవసరమైతే సూది పరీక్ష.

తిండి గురించిన భయాలు వేరే ఉన్నాయి. వంకాయ, గోంగూర, కోడికూర, కారం మానిపించే ఇళ్లు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు. ఇవి తింటే రొమ్ము క్యాన్సర్ తిరగబెడుతుందనడానికి రుజువు లేదు. కీమో అయి నీరసపడ్డ మనిషికి గుడ్డూ మాంసమూ ఆపడం ఆమెను మరింత బలహీనపరుస్తుంది. ఒళ్లు పెరగకుండా చూసుకోవడం, రోజూ నడవడం మాత్రం నిజంగా పనికొచ్చేవి. పురుగుమందుల గురించి అడిగేవాళ్లకు జవాబు అంత సూటిగా లేదు. కొన్ని పాత మందులను క్యాన్సర్ కారకాలుగా అనుమానించవలసిన వర్గంలో చేర్చారు, డీడీటీ వాటిలో ఒకటి. మందు కొట్టే రోజుల్లో చేలోకి వెళ్లకపోవడం ఎవరికైనా మంచిదే.

ఇంటి లోపలి భయం

ఆడపిల్ల పెళ్లికి అడ్డు వస్తుందని జబ్బు పేరే బయటికి రానివ్వని కుటుంబాలున్నాయి. అలాంటి ఇంట్లో తిరగబెట్టడమంటే చావు ఒక్కటే కాదు, దాచిన సంగతి బయటపడటం కూడా. దీనికి తోడు ఖర్చు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ, నేడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్నది, క్యాన్సర్ ఆపరేషన్‌కూ కీమోకూ రేడియేషన్‌కూ అండగా నిలిచింది. ఆ పథకం లేకుంటే ఈ పల్లెల్లో ఎన్ని ఎకరాలు చేతులు మారేవో. అయినా దారి ఖర్చులు, పోయిన కూలి, తోడు వచ్చినవాళ్ల తిండి ఇంటి మీదే పడతాయి. "మళ్లీ వస్తే ఇక నాకు పెట్టొద్దు" అని భర్తతో చెప్పే ఆడవాళ్ల మాటలో చావు భయం కన్నా అప్పు భయం ఎక్కువ.

దేవుడి మీద భారం వేయడం ఇక్కడ పెద్ద ఆసరా. కోటప్పకొండకు మొక్కుకునేవాళ్లు, ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పేవాళ్లు తమ భయాన్ని నలుగురి ముందు పెట్టగలుగుతున్నారు. మనసు వైద్యుడి గదిలో జరగవలసిన పనిలో కొంత అక్కడ జరుగుతోంది. స్వస్థత అయిపోయిందని మాత్ర మానేయమనే మాట మాత్రం ఎవరు చెప్పినా వినకూడదు.

చెకప్‌లు

చెకప్ రోజు దగ్గరపడే కొద్దీ భయం పెరగడం ప్రపంచమంతటా ఉన్నదే. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాతి రెండేళ్లు ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి వైద్యుడు చేత్తో పరీక్షిస్తాడు. మిగిలిన రొమ్ముకు ఏటా మామోగ్రామ్. ఏ లక్షణమూ లేనప్పుడు పెట్ స్కాన్‌లు, ఎముకల స్కాన్‌లు, రక్తంలో మార్కర్ పరీక్షలు అక్కర్లేదు. ఇటలీలో జరిగి 1994లో వెలువడిన రెండు పరీక్షలు దీన్ని తేల్చాయి. తరచు స్కాన్‌లు తీసిన వాళ్లు, తీయని వాళ్లకంటే ఎక్కువ కాలం బతకలేదు. స్కాన్ చేయించుకుంటే కొన్నాళ్లు మనశ్శాంతి ఉంటుంది, తర్వాత మరో స్కాన్ కావాలనిపిస్తుంది. వైద్యుడు స్కాన్ రాయలేదంటే నిర్లక్ష్యం చేశాడని అనుకోనక్కర్లేదు.

భయానికి వైద్యం

ఆస్ట్రేలియాలో ఫిలిస్ బ్యూటో బృందం రూపొందించి 2017లో ఫలితాలు ప్రకటించిన పద్ధతిలో రోగికి దేని మీద దృష్టి పెట్టాలో, దేన్ని వదిలేయాలో సాధన చేయిస్తారు. బతుకులో తనకు ముఖ్యమైన పనులను మళ్లీ చేతికి తీసుకునేలా చేస్తారు. నెదర్లాండ్స్‌లో అదే ఏడాది వచ్చిన మరో పరీక్షలో ఆలోచనా సరళిని మార్చే చికిత్స పనిచేసింది. 2019లో ఇలాంటివన్నీ కలిపి చూసిన విశ్లేషణ, ప్రభావం చిన్నదైనా నిలకడైనదని చెప్పింది. నిపుణుడి దాకా పోనక్కర్లేకుండానే కొంత జరుగుతుంది. ఆపరేషన్ చేసిన వైద్యుడు "మళ్లీ వస్తుందని భయమేస్తోందా అమ్మా?" అని తానే అడిగి, రెండు నిమిషాలు విన్నప్పుడు ఆమె తనొక్కతే ఇలా ఉందన్న భావన పోతుంది. తామే ఈ జబ్బు దాటివచ్చిన వాళ్లు మాట్లాడటం కూడా బలమైన మందు. నటి గౌతమి తనకు రొమ్ము క్యాన్సర్ తగ్గాక లైఫ్ అగైన్ ఫౌండేషన్ పెట్టి ఆ పని చేస్తున్నారు. హైదరాబాదులో డాక్టర్ పి. రఘురామ్ 2007లో స్థాపించిన ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ రొమ్ము క్యాన్సర్ గురించి తెలుగులో మాట్లాడటాన్ని మామూలు చేసింది.

వైద్యం ఎంత దూరం

ఒకప్పుడు ఈ పల్లెల రోగి రేడియేషన్ కోసం హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రికో వెళ్లేది. ఎన్టీఆర్ భార్య బసవతారకం క్యాన్సర్‌తో మరణించారు, ఆ ఆసుపత్రి ఆమె పేరనే వెలసింది. 2020లో గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో నాట్కో సంస్థ కట్టించిన క్యాన్సర్ కేంద్రం మొదలయ్యాక దూరం బాగా తగ్గింది. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. 2024 నవంబరులో రాష్ట్రమంతటా మొదలైన ఇంటింటి పరీక్షల్లో ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు రొమ్ము క్యాన్సర్ గురించి అడుగుతున్నారు. కొత్త రోగులను కనిపెట్టడానికి వెళ్లిన ఆ మనిషే పాత రోగిని పలకరించి, మాత్రలు వేసుకుంటోందా, రెండు వారాలు దాటిన నొప్పి ఉందా, నిద్ర పడుతోందా అని అడిగితే ఖర్చేమీ లేదు. ఈ మూడు ప్రశ్నలూ ఆ సర్వే పుస్తకంలో చేరాలి.

ఆపరేషన్ అయిన ప్రతి ఒక్కరూ బయాప్సీ కాగితం, డిశ్చార్జి కాగితం, మాత్రల చీటీ ఒకే కవరులో దాచుకోవాలి. తన గడ్డ ఏ రకమో, మాత్ర ఎన్నేళ్లు వాడాలో, ఏ గుర్తు కనిపిస్తే రావాలో వైద్యుడి చేత తెలుగులో రాయించుకోవాలి. భయం నిద్ర పట్టనివ్వనప్పుడు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలిమానస్ నంబరు అది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.